నిద్రపోయిన క్రిమిని లేపేదెవరు

పత్రికల్లో చేరబోతున్న కుర్రాళ్లు ఇద్దరు ఈ మధ్య నెల్లూరులో మా ఇంటికి వచ్చారు. టీ తాగుతూ, "మేడం, ఇన్నేళ్ల సర్వీసులో మీరు చూసిన పెద్ద వార్త ఏది?" అని అడిగారు. ఏ తుఫాను పేరో, ఏ ఎన్నికల గొడవో చెబుతానని పెన్నులు తీశారు.

"ఒక క్రిమి తన ఆస్తిని రెండు వాటాలు వేయడం చూశాను. అదే పెద్దది" అన్నాను.

ఒకడు రాసుకోబోయి ఆగాడు. రెండోవాడు నవ్వాలో వద్దో తేల్చుకోలేక కప్పులోకి చూశాడు. నిలబెట్టి అడిగితే ఏదీ సరిగ్గా చెప్పలేను. మాట్లాడటం కంటే రాయడమే నాకు చేతనైన పని. ఆ పిల్లల కోసం, వాళ్లలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఎవరికీ అక్కర్లేని పేజీ

నేను ఒక తెలుగు దినపత్రికలో జిల్లా విలేకరిగా పనిచేసి రిటైరయ్యాను. రాజకీయాలు ఒకరు, క్రైం ఒకరు పంచుకోగా మిగిలినవన్నీ నా వాటాకు వచ్చేవి. ఆరోగ్యం, పొలం, చేపలు, కాలేజీల్లో సైన్సు ఎగ్జిబిషన్లు. ఆడపిల్లవి, నీకు ఇవి తేలిక అని మొదట్లో అన్నవాళ్లున్నారు. తేలిక కావని తెలియడానికి నాకు ఎంతో కాలం పట్టలేదు. రాజకీయ నాయకుడు ఏమన్నాడో రాస్తే సరిపోతుంది. ఒక జబ్బు ఎందుకు వస్తుందో రాయాలంటే ముందు మనకు అర్థం కావాలి.

మా బ్యూరో చీఫ్ రామచంద్రయ్య గారు, నేను చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఆయనే, వయసు దాటినా యాజమాన్యం ఆయన్ను వదల్లేదు. ఎప్పుడూ వక్కపొడి నములుతూ ఉండేవారు. పొగడ్త ఆయన నోట ఎన్నడూ వినలేదు. నేను చేరిన కొత్తలో ముత్తుకూరు దాటాక ఒక కాలువలో చేపలు చచ్చి తేలాయి. పరుగున వెళ్లి, అక్కడ చేరిన జనం చెప్పిన కారణాలన్నీ రాసుకొచ్చాను. ఒకరు వేడి అన్నారు, ఒకరు విషం అన్నారు, ఒకరు అమావాస్య అన్నారు. రామచంద్రయ్య గారు నా కాగితాలు చదివి పక్కన పెట్టారు.

"నువ్వేం చూశావమ్మా?"

"చచ్చిన చేపలు చూశాను సార్."

"నీళ్లు వాసన చూశావా? రంగు చూశావా? ఏ చేప చచ్చింది, ఏది బతికింది?"

అవేవీ చూడలేదు. మళ్లీ బస్సెక్కించారు. తెల్లారి మా పేపర్లో చేపలు ఎందుకు చచ్చాయో తెలియదనే వచ్చింది. కానీ ఏవి చచ్చాయో, ఏవి బతికాయో వివరంగా వచ్చింది. మిగతా పేపర్లలో తలా ఒక కారణం వచ్చింది. అసలు కారణం ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు మాత్రం ఒకటి అర్థమైంది. చూసింది రాసేవాడు కారణం చెప్పకపోయినా వార్త పోదు.

మైపాడులో ఒక ప్రశ్న

అసలు సంగతికి వస్తాను. నేను రిటైరయ్యే ముందు జరిగింది.

ఏటా ఎండాకాలంలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వాటిని వదిలేయాలని నియమం. ఆ గడువు తీరబోతుంటే ఏటా ఒక వార్త రాయడం ఆనవాయితీ. పడవలకు రంగులు, వలలకు మరమ్మతులు, గంగమ్మకు పూజలు. ఆ ఏడు కూడా అది రాయడానికే మైపాడు వెళ్లాను.

ఒడ్డున తాటాకు పందిరి కింద పోలయ్య అనే ఆయన వల బాగుచేస్తూ కనిపించాడు. నలభై లోపు వయసు. భుజాలు మాత్రం వయసుకు మించి కుంగి ఉన్నాయి. భార్య అంకమ్మ పక్కనే దారం చుడుతోంది. నేను వేట గురించి అడిగాను. ఆయన వాటాల గురించి చెప్పాడు. వాళ్ల పడవలో పద్ధతి ఏమిటంటే, ఒడ్డుకు రాగానే చేపంతా ఇసుకలో ఒకే కుప్ప పోస్తారు. పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా, వెళ్లిన ప్రతి మనిషికీ తలా ఒకటి. అయితే వేటకు పోయినవాళ్లంతా కుప్ప చుట్టూ నిలబడేదాకా ఎవరూ చేప మీద చెయ్యి వేయరు. ఒకడు చేతులు కడుక్కోవడానికి వెళ్లినా సరే, మిగిలినవాళ్లు ఆగాల్సిందే.

"నిషేధం ఎత్తేసిన రోజు పడవలో ఎవరు ఎక్కితే ఆ ఏడంతా వాళ్లదే ఆ చోటక్కా" అన్నాడు పోలయ్య. "ఆ రోజు నేను లేకపోతే నా చోట్లో ఇంకొకడు కూర్చుంటాడు."

"ఎందుకు ఉండవు?"

జవాబు అంకమ్మ చెప్పింది. "టీబీ అక్కా ఈయనకి. నిషేధానికి పది రోజుల ముందు మందు మొదలుపెట్టినారు. ఇప్పుడు ఇంక మానేస్తానంటా ఉండాడు."

"బాగైపోయినాక మందెందుకే?" అన్నాడు పోలయ్య, వల మీది నుంచి తల ఎత్తకుండానే. "దగ్గు పోయింది. కళ్లె పరీక్ష చేసి ఏమీ కనపడలేదన్నారు. మాత్రలు కూడా తగ్గించినారు. సర్కారోళ్లు సముద్రానికి రెండు నెలలు పెట్టినారు, నా ఊపిరితిత్తులకీ రెండు నెలలే పెట్టినారు. రెండూ ఇంచుమించు ఒకేసారి తీరతా ఉండాయి. ఇంక వేటకు పోవడమే."

"తగ్గించడమంటే మానడం కాదని నర్సమ్మ నెత్తీ నోరూ కొట్టుకోని చెప్పింది" అంది అంకమ్మ. "ఆరు నెలలు మింగాలంట. పొద్దున్నే కాలీ కడుపుతో మింగితే పడవలో వాంతులంట ఈయనకి. అదీ అసలు సంగతి."

"వాంతులు నాకు కాదు, పక్కనోడికి వస్తాయి నన్ను చూసి."

అంకమ్మ నవ్వలేదు. "మీ అన్న కూడా ఇట్టనే ఎగతాళి చేసినాడు. ఇట్టనే మానేసినాడు. మళ్లీ వచ్చినప్పుడు ఏ మందుకూ లొంగలేదు." దారం పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "బావ పోయిన దగ్గర్నుంచి ఆ దగ్గు వినబడితే రాత్రంతా లేచి కూచుంటానక్కా."

తర్వాత పోలయ్య వల వదిలేసి సూటిగా అడిగాడు.

"అక్కా, నువ్వు పేపరామెవి. చదువుకున్నదానివి. పరీక్షలో కనపడని పురుగు కోసం నేను నాలుగు నెలలు మందెందుకు మింగాల? ఉంటే కనపడాల గదా. కనపడకపోతే లేనట్టే గదా. డాక్టర్ని అడిగితే మింగు అంటాడు. నర్సమ్మని అడిగితే మింగు అంటది. ఎందుకో ఎవరూ చెప్పరు."

నాకూ తెలియదు. ‘కోర్సు పూర్తి చేయాలి’ అని నేనే ఎన్నిసార్లు రాశానో. ఎందుకు అని ఒక్క వాక్యం ఏనాడూ రాయలేదు. "కనుక్కుని చెబుతాను" అన్నాను. విలేకరి రోజూ అనే మాటే. ఆ రోజు బరువుగా తోచింది.

ఒక చుక్క రెండు చుక్కలు

నెల్లూరు శివార్లలో ఒక కాలేజీలో చిన్న ప్రయోగశాల ఉంది. సుజాత అనే శాస్త్రవేత్త అక్కడ క్షయ క్రిమి కుటుంబం మీద పనిచేస్తుందని ఒక ఎగ్జిబిషన్లో విన్నాను. పులికాట్ సరస్సు పక్క పల్లె వాళ్లది. తండ్రి ఇప్పటికీ సరస్సులో రొయ్యలు పడతాడు. ఫోన్ చేస్తే రమ్మంది.

"పోలయ్య అన్న అడిగింది మంచి ప్రశ్న" అంది నేను చెప్పగానే. "నేను పొద్దున్నే లేచి లాబ్‌కు వచ్చేది ఆ ప్రశ్న కోసమే. దాంట్లో చిన్న ముక్క కోసం."

చీకటి గదిలోకి తీసుకెళ్లింది. మిట్టమధ్యాహ్నం. కిటికీలకు నల్ల గుడ్డ కట్టి ఉంది. మైక్రోస్కోపుకు కంప్యూటర్ తగిలించి ఉంది. తెర మీద బూడిద రంగులో సన్నని కడ్డీలు, వడ్లగింజల్ని ఇంకా సన్నగా చెక్కినట్టు. ప్రతి కడ్డీలో ఒక పచ్చని చుక్క వెలుగుతోంది.

"ఇవి క్షయ క్రిములు కావక్కా, భయపడొద్దు. వాటికి చుట్టాలు. మట్టిలో ఉంటాయి. మామూలుగా ఎవరి జోలికీ పోవు, పైగా తొందరగా పెరుగుతాయి. అసలు క్షయ క్రిమి ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఇవి గంటల్లో అవుతాయి. చూడండి."

గంటల తరబడి తీసిన ఫొటోల్ని కలిపి అర నిమిషం సినిమాగా చేసి పెట్టింది. అది నడిపింది.

ఒక కడ్డీ నిదానంగా పొడుగైంది. లోపల పచ్చని చుక్క కాసేపు ఊరికే ఉంది. తర్వాత కొంచెం సాగింది. తర్వాత, నేను రెప్ప వేసి తెరిచేలోగా, అది రెండు చుక్కలు. వాటిలో ఒకటి పక్కకు జరగడం మొదలుపెట్టింది. దారి తెలిసిన మనిషిలాగా, ఎక్కడా తడబడకుండా, కడ్డీ రెండో చివరి వైపు పోయి ఆగింది. ఆ తర్వాత రెండిటి మధ్య ఒక గోడ లేచింది. ఇప్పుడు రెండు కడ్డీలు. ఒక్కోదానిలో ఒక్కో చుక్క.

"మళ్లీ చూపించు" అన్నాను. మళ్లీ చూపించింది. ఎన్నిసార్లు అడిగానో గుర్తులేదు.

సుజాత తీరిగ్గా వివరించింది. క్రిమి జన్యువులన్నీ ఒకే పొడవాటి దారంలో ఉంటాయి. ఆ దారాన్ని సాగదీస్తే క్రిమి ఒంటికి వందల రెట్లు పొడుగు. పడవలో మడత పెట్టిన వలలాగా లోపల సర్దుకుని ఉంటుంది. క్రిమి రెండు కావాలంటే ముందు ఆ దారానికి నకలు తయారుచేయాలి. తర్వాత అసలు ఒకవైపు, నకలు ఒకవైపు చిక్కుపడకుండా చేరాలి. ఒక పిల్లకు రెండూ పోయి ఇంకో పిల్లకు ఏమీ రాకపోతే ఆ రెండోది ఉత్త డొల్ల. బతకదు. ఈ పంపకం చేయడానికి ప్రత్యేకంగా కొన్ని ప్రోటీన్లు ఉన్నాయి. ఒకటి దారం మొదలును పట్టుకుంటుంది. ఇంకొకటి దాన్ని నడిపిస్తుంది. పట్టుకునే ప్రోటీన్‌కు వీళ్లు పచ్చ వెలుగు అతికించారు. ఆ చుక్క అదే.

"మా నాన్నవాళ్లు ఒడ్డున వాటాలు వేస్తారు కదక్కా" అంది. "ఎవరి వాటా వారికి పోవాలి. దీన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ కుప్పే గుర్తొచ్చింది. మనుషులకైతే కళ్లున్నాయి, లెక్క తెలుసు, గొడవ పడటానికి నోరుంది. దీనికి ఏమీ లేదు. అయినా ఎప్పుడో గాని తప్పు చేయదు."

"నీ పని ఈ పంపకం చూడటమా?"

"పంపకం చేసేవాళ్లని చాలామంది చూశారు. నేను చూసేది, పంచండి అని చెప్పేది ఎవరు అని."

అది అర్థం కావడానికి నాకు ఇంకో గంట పట్టింది. ఆ ప్రోటీన్లు ఊరికే పుట్టవు. వాటి తయారీ విధానం జన్యువుల్లో రాసి ఉంటుంది. ఆ రాతను చదివే ఒక యంత్రం కణంలో ఉంటుంది. చదివితేనే ప్రోటీన్ తయారవుతుంది. ఎక్కువగా చదివితే ఎక్కువ తయారవుతుంది, అప్పుడూ పంపకం చెడుతుంది. తక్కువైనా చెడుతుంది. అందుకని ప్రతి జన్యువు ముందు గుమ్మం లాంటి ఒక చోటు ఉంటుంది. అక్కడ కొన్ని కాపలా ప్రోటీన్లు కూర్చుని, చదివే యంత్రాన్ని రమ్మనో, ఆగమనో చెబుతుంటాయి. తిండి ఉందా, గాలి ఆడుతుందా, ఒంట్లో మందు ఉందా, ఇవన్నీ చూసి క్రిమి ఈ గుమ్మాలు తెరుస్తుంది, మూస్తుంది.

పంపకం ప్రోటీన్ల జన్యువు ముందున్న గుమ్మాన్ని వీళ్లు విడిగా తీసి, దాని వెనకాల వెలిగే ప్రోటీన్ ఒకదాన్ని తగిలించారు. గుమ్మం తెరిస్తే కణం వెలుగుతుంది. మూస్తే ఆరుతుంది. "మా భాషలో దీన్ని రిపోర్టర్ అంటాం అక్కా, మీ ఉద్యోగమే" అని నవ్వింది. "లోపల ఏం జరుగుతుందో బయటికి చెప్పడం దీని పని. సొంతంగా ఏమీ కలపదు."

"అయితే మా వాళ్లలో చాలామంది కంటే నయం" అన్నాను.

ఇంకో తెర చూపించింది. తిండి తగ్గించిన కడ్డీలవి. వెలుగు మసకబారింది. చుక్కలు ఉన్నాయి, కానీ ఏ చుక్కా రెండు కావడం లేదు. సినిమా మొదటి నుంచి చివరి దాకా ఒకటే బొమ్మ. కదలిక లేదు. చచ్చిపోయాయా అని అడిగాను.

"లేదు. ఆగిపోయాయి. తిండి పెడితే లేస్తాయి."

"అన్నీ ఒకేసారి లేస్తాయా?"

"లేవు. ఒకటి ఇప్పుడు, ఒకటి తర్వాత. పక్కపక్కనే ఉన్నవి, ఒకే తల్లి పిల్లలు, అయినా ఒకదాని టైం ఇంకొకదానిది కాదు. ఎందుకో..." కాసేపు తెర వైపు చూసింది. "కాపలావాళ్లలో కొందరి పేర్లు తెలుసు. మొత్తం కథ తెలియదు."

నేను ఆ ఆగిపోయిన బొమ్మను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కంటికి కనిపించనిది, మెదడు లేనిది. కాలం బాగాలేదని తెలుసుకుని, పంపకం ఆపుకుని, గుమ్మం మూసుకుని కూర్చుంది. ఎన్నో గుళ్లు తిరిగాను, ఎన్నో తుఫానులు చూశాను. అంత నిశ్శబ్దం ముందు ఎన్నడూ కూర్చోలేదు.

రామచంద్రయ్య గారి పరీక్ష

ఆఫీసుకొచ్చి వార్త రాశాను. గుమ్మాలు, కాపలాలు, చుక్కలు అన్నీ పెట్టాను. రామచంద్రయ్య గారు రెండుసార్లు చదివారు.

"బాగా రాశావు. నాకు అర్థం కాలేదు" అన్నారు.

"ఎక్కడ సార్?"

"అది నన్నడగకు. ప్రశ్న అడిగింది ఎవరు?"

"మైపాడు పోలయ్య."

"ఆయనకు జవాబు చెప్పావా?"

"పేపర్లో చదువుతాడు కదా సార్."

ఆయన వక్కపొడి డబ్బా మూత పెట్టారు. అంటే మాట అయిపోయినట్టు. "ఆయనకు చెప్పిరా. ఆయన తల ఊపిన చోటు మాత్రం రాయి. మిగతాది ఎగ్జిబిషన్‌కి పనికొస్తుంది."

ఆ రోజు కోపం వచ్చింది. సైన్సు వార్తకు ఇంతకంటే మంచి పరీక్ష లేదని తర్వాత తెలిసింది. ప్రశ్న ఎవరిదో వాళ్ల ముందు పెట్టి చూడాలి. ఎడిటర్‌కు అర్థమైతే చాలదు, శాస్త్రవేత్త మెచ్చుకుంటే అసలే చాలదు.

పోలయ్య తెర ముందు కూర్చోవడం

పోలయ్యను, అంకమ్మను ఆటోలో కాలేజీకి రప్పించాను. పోలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. "పురుగుల్ని చూడటానికి పెళ్లి చొక్కా అంట" అని అంకమ్మ మెట్ల మీదే చెప్పేసింది. సుజాత చేతికి గ్లౌజులు ఇవ్వబోతే, "వద్దులే మేడం, నా చేతులకి ఇవి పట్టవు" అన్నాడు. నిజంగానే పట్టలేదు.

అప్పటికి వారం నుంచి ఆయన మాత్రలు మింగడం లేదని ఆటోలో వస్తూ అంకమ్మ చెప్పింది. నిషేధం ఎత్తేయడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది.

సుజాత సినిమా నడిపింది. ఒక చుక్క రెండైంది. పోలయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"పంచుకున్నాయి" అన్నాడు.

"అవునన్నా."

"సరిసమానంగా?"

"సరిసమానంగా."

"మా ఊళ్లోనైతే ఇంత మౌనంగా కాదు" అంది అంకమ్మ వెనక నుంచి.

తర్వాత ఆగిపోయిన కడ్డీల సినిమా. ఏమీ కదల్లేదు. పోలయ్య మిషన్ పాడైందా అన్నట్టు సుజాత వైపు చూశాడు.

"ఇవి నిద్రపోతున్నాయన్నా. మీ ఒంట్లో ఉన్నవాటిలో కొన్ని ఇలాంటివే అయ్యుంటాయి. మీరు వల నిలబెడతారు కదా, మొప్పల దగ్గర చేప ఇరుక్కునే వల. ఏ చేప పడుతుంది?"

"ఈదేది పడతది."

"అడుగున కదలకుండా ఉన్నది?"

పోలయ్య మళ్లీ తెర మీది కదలని కడ్డీల వైపు చూశాడు. అర్థమైనట్టు కనిపించింది.

"మీరు మింగే మాత్రల్లో మూత్రం ఎర్రగా వచ్చే మందు ఒకటుంది. రిఫాంపిసిన్ అంటారు. నేను అక్కకు చెప్పాను, క్రిమి తన రాతను చదువుకోవడానికి ఒక యంత్రం ఉంటుందని. ఈ మందు సూటిగా పోయి ఆ యంత్రంలోనే అడ్డం పడుతుంది. చదవనివ్వదు. చదవకపోతే పంచుకోవడానికి కావలసినవి తయారుకావు, బతకడానికి కావలసినవీ తయారుకావు. చస్తుంది. మొదటి రెండు నెలల్లో ఈదే చేపలన్నీ పోయాయి. అందుకే పరీక్షలో కనపడలేదు. నిద్రలో ఉన్నది చదవడమే బాగా తగ్గించేసి ఉంటుంది. దాన్ని మందు అంత తొందరగా ఏమీ చేయలేదు."

"మరి ఎప్పుడు చస్తది?"

"చాలావరకు, లేచి పని మొదలుపెట్టినప్పుడు."

"అంటే అది లేచిన రోజు నా ఒంట్లో ఆ ఎర్ర మందు ఉండాల."

"అంతే అన్నా."

"ఏ రోజు లేస్తది?"

సుజాత ఏదో ఒక ధైర్యం చెబుతుందని ఎదురుచూశాను. నేనైతే చెప్పేదాన్ని.

"తెలియదన్నా" అంది. "లేపేది ఎవరో, ఎప్పుడు లేపుతారో వెతకడమే నా పని. ఇంకా దొరకలేదు. నాకే కాదు, పూర్తిగా ఎవరికీ దొరకలేదు. ఆరు నెలలు మింగితే దాదాపు అందరికీ నయమవుతుందని మాత్రం ఎంతోమంది రోగుల్ని చూసి డాక్టర్లు తెలుసుకున్నారు. నా దగ్గర పూర్తి జవాబు ఉంటే ఆరు నెలలు అక్కర్లేని మందు ఎవరైనా తయారుచేసేవాళ్లేమో."

పోలయ్య వెనక్కి వాలాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు.

"తెలియదనే మాట వినడం ఇదే మొదటి తూరి" అన్నాడు, అంకమ్మ వైపు తిరిగి. "నర్సమ్మ ఖాయంగా చెప్పింది. డాక్టరు ఖాయంగా చెప్పినాడు. ఖాయంగా చెప్పేవాణ్ణి చూస్తే నాకు అనుమానం. రేపు గాలి ఎట్టుంటదో ఖాయంగా చెప్పేవాడితో నేను పడవెక్కను." మళ్లీ తెర వైపు చూశాడు. "ఈమెకి తెలియదంట. తెలియదు కాబట్టే రోజూ వల నిలబెట్టాలంట."

"వాంతుల సంగతి అడుగు" అంది అంకమ్మ.

"నేను డాక్టర్ని కాదక్కా" అంది సుజాత. "ఈ మధ్య వారం మానేసిన సంగతి కూడా దాచకుండా అక్కడ చెప్పండి. ఏ టైంలో మింగాలో వాళ్లు చెబుతారు."

వాళ్లు అట్నుంచి అటే ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. మానేసిన రోజుల్ని కలిపి కోర్సు పొడిగించి, వాంతులు అవుతున్నాయి కాబట్టి ఏదైనా తిన్నాకే మింగమన్నారట. వెళ్లేముందు పోలయ్య గది గుమ్మంలో ఆగి, "ఒకసారి ఆ చుక్క రెండయ్యేది మళ్లీ పెట్టు చెల్లెమ్మా" అన్నాడు. నిలబడే చూశాడు. తల ఊపాడు. మేడం ఎప్పుడు చెల్లెమ్మ అయిందో నేను గమనించలేదు.

హెడ్డింగు

ఆయన తల ఊపిన చోట్లు మాత్రమే ఉంచి వార్త తిరగరాశాను. సగానికి తగ్గింది. ఆ సాయంత్రం డెస్క్‌లో సబ్ ఎడిటర్ పెట్టిన హెడ్డింగు చూశాను. ‘క్షయకు ఇక సెలవు’. కింద చిన్న అక్షరాల్లో, ‘నెల్లూరు శాస్త్రవేత్త ఘనత’.

ఈ ఉద్యోగంలో నేను ఎక్కువగా చూసిన తప్పు అదే. ఎవరూ అబద్ధం రాయాలని రాయరు. మంచి వార్త అయితే బాగుండునన్న ఆశతో రాస్తారు. మైపాడులో ఇంకో పోలయ్య అది చదివి, మందు దొరికిందట, ఈ మాత్రలెందుకని పారేస్తాడు. నేను చెప్పబోయేలోగా రామచంద్రయ్య గారే ఆ హెడ్డింగు కొట్టేశారు.

"ఆమె ఏం కనిపెట్టింది?" అని నన్ను అడిగారు.

"ఇంకా కనిపెట్టలేదు సార్. తెలియదంది."

"తెలియదన్న మాట హెడ్డింగులో పెట్టడానికి ముప్పై ఏళ్లుగా భయపడ్డాం. ఒకసారి పెట్టి చూద్దాం."

‘ఆ క్రిమి ఎప్పుడు లేస్తుందో తెలియదు, అందుకే ఆరు నెలల మందు’ అని పెట్టారు. నా వార్తలకు పెట్టినవాటిలో నాకు నచ్చిన హెడ్డింగు అది. అందులో నా మాట ఒక్కటీ లేదు. సగం సుజాతది, సగం పోలయ్యది.

కొత్తగా వచ్చేవాళ్లకు నా సలహా ఇదొక్కటే అనుకోండి. శాస్త్రవేత్త ‘తెలియదు’ అన్నచోట పెన్ను మూయకండి. అక్కడే తెరవండి.

ఒడ్డున

నిషేధం ఎత్తేసిన రోజు మైపాడు వెళ్లాను. వార్త కోసమనే చెప్పాను, ఆఫీసులో. పోలయ్య పడవ ఎక్కాడా లేదా, మాత్రలు తీసుకున్నాడా లేదా అన్నదే నా మనసులో ఉంది. అంకమ్మ నా కంటే ముందే ఒడ్డున ఉంది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, చెంగున కట్టిన మాత్రలు.

"ఎక్కినాడక్కా. ఒడ్డుకొచ్చినాక మందు మింగుతానన్నాడు" అంది. "చూడాల." ఆ ‘చూడాల’ అనడంలోనే బావగారి కథంతా ఉంది.

ఎండ ఎక్కాక పడవ వచ్చింది. కానాగంత చేపలు బాగా పడ్డాయి. ఇసుకలో కుప్ప పోశారు. నీలంగా, వెండిలాగా మెరుస్తోంది. పోలయ్య దిగాడు. బాగా అలిసి ఉన్నాడు. కుప్ప వైపు వెళ్లలేదు. తిన్నగా అంకమ్మ దగ్గరికి వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. ఆమె డబ్బా మూత తీసింది. సద్దన్నం, ఉల్లిపాయ. తినడం మొదలుపెట్టాడు.

పడవలో వెళ్లిన మిగతావాళ్లు కుప్ప చుట్టూ నిలబడి ఉన్నారు. కొనేవాళ్లు బుట్టలతో తోసుకుంటున్నారు. ఒకడు చెయ్యి చాపబోతే పక్కవాడు లాగేశాడు. మనిషి తక్కువ. పద్ధతి ప్రకారం ఎవరూ ముట్టుకోకూడదు.

"ఏందిరా పోలయ్యా, పెళ్లి భోజనమా?" అని ఎవరో అరిచారు. "ఎండకు చేప మెత్తబడిపోతా ఉండాది."

పోలయ్య తొందరపడలేదు. నిదానంగా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. అంకమ్మ చెంగు ముడి విప్పింది. మాత్రలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. ఆమె చూస్తూనే ఉంది. కుప్ప చుట్టూ ఉన్నవాళ్లు కూడా చూస్తున్నారు. ఆఖరి మాత్ర గొంతు దిగాక లేచి, ఇసుక దులుపుకుని వెళ్లి తన చోట నిలబడ్డాడు.

"ఇంక పంచండి" అన్నాడు.

చేతులన్నీ ఒకేసారి కుప్ప మీదికి వంగాయి.

నేను రిటైరైన తర్వాత అంకమ్మ ఫోన్ చేసింది. కోర్సు అయిపోయిందని, చివరి పరీక్షలోనూ ఏమీ లేదని, డాక్టరు మందు ఆపేశాడని చెప్పింది.

"ఇంకోటి చెప్పాల అక్కా" అంది. "మాత్రలు లేకపోయినా వాటాల దగ్గర అందరూ ఇప్పటికీ ఆయన కోసం ఆగతా ఉండారు. అలవాటైపోయింది వాళ్లకి. ఈయన ముఖం చూస్తా నిలబడతారు."

"మరి ఆయనేం చేస్తాడు?"

"ఏం చేస్తాడు. మొదట అన్నం తింటాడు. తర్వాత పంచండి అంటాడు."